ఎవరి పని వాళ్ళ నోటితోనే

రా తల్లీ, అక్కడ గుమ్మంలో నిలబడితే నా గొంతు అంత దూరం రాదు. ఇలా దగ్గరికి వచ్చి కూర్చో. ఆ దిండు వీపు వెనక పెట్టుకో, కాళ్ళు పైకి ముడుచుకో. ఇది ఒక్క ఊపున అయిపోయే కథ కాదు.

పెద్ద రోడ్డు మీద కళ్ళజోళ్ళ దుకాణం పైన 'శాస్త్రజ్ఞురాళ్ళ సంఘం' అని బోర్డు ఉంటుంది, చూశావు కదా. లోపలికి వెళ్ళి ఈ సంఘం ఎలా పుట్టిందమ్మా అని అడిగితే, వాళ్ళు అచ్చేసిన చిన్న పుస్తకం ఒకటి చేతిలో పెడతారు. ఏ ఏడాది ఎవరు అధ్యక్షురాలో, మేడకి ఎప్పుడు సున్నం వేశారో అందులో ఉంటుంది. ఎవరు ఎవరి కోసం ఏడ్చారో ఉండదు. అది నేను చెబుతాను.

అప్పట్లో ఊరంతటికీ శాస్త్ర సంఘం ఒక్కటే. అది మగవాళ్ళది. పెద్ద హాలు, నున్నటి బల్లలు, గోడల నిండా మీసాల పటాలు. ఆడవాళ్ళు పరిశోధనలు చేయకూడదని అక్కడ ఎవరూ అనలేదు. చేసుకోవచ్చు, రాసుకోవచ్చు. కానీ ఆ హాల్లో లేచి చదవాలంటే సభ్యులై ఉండాలి, సభ్యులు కావాలంటే మగవాళ్ళై పుట్టి ఉండాలి. అందుకని ఆడవాళ్ళు రాసింది అన్నో తమ్ముడో మొగుడో చదివేవాడు. రాసినావిడ పైన వసారాలో కూర్చుని వినవచ్చు. నోరు మాత్రం మెదపకూడదు.

ఆ వసారాలో ఎప్పుడూ పక్కపక్కన కూర్చునే స్నేహితురాళ్ళు ఇద్దరు. ఒకావిడ పైర్లకు వచ్చే తెగుళ్ళ మీద పని చేసేది, అందరూ తెగుళ్ళావిడ అనేవారు. "తెగుళ్ళావిడ వస్తోంది, పిల్లల్ని లోపలికి పిలవండి" అని వీధిలో వేళాకోళం చేస్తే, "పిల్లలకేం భయం లేదు, మీ పెరట్లో వంగమొక్కల్ని దాచుకోండి" అనేది. రెండో ఆవిడ కొండలు ఎక్కి రాళ్ళు పగలగొట్టి, భూమి వయసు లెక్కకట్టేది. రాళ్ళావిడ. గాలికి తలుపు కొట్టుకుంటోందంటే దానికి అడ్డం పెట్టే రాయి కోసం ఇరుగుపొరుగు అంతా ఆమె ఇంటికే వచ్చేవారు. తెగుళ్ళావిడకి నోరు ముందు, ఆలోచన వెనక. రాళ్ళావిడ ఒక మాట అనాలంటే దాన్ని పదిసార్లు నమిలేది. అందుకే వాళ్ళిద్దరికీ అంత బాగా కుదిరింది.

ఒకసారి తెగుళ్ళావిడ రాసిన కాగితాన్ని ఆమె మరిది చదివాడు. బడిలో రసాయనశాస్త్రం చెప్పే పంతులు, మంచివాడు, వదినంటే ప్రాణం. గడగడా చదివేశాడు. అంతలో ముందు వరుసలో ఒక ముసలాయన లేచి, "ఈ మచ్చలు ఆకు పైన మొదలవుతాయా, అడుగునా?" అని అడిగాడు. పంతులికి ముచ్చెమటలు పోశాయి. బిక్కమొహం వేసి పైకి, వసారా వైపు చూశాడు. తెగుళ్ళావిడ పిట్టగోడ మీదుగా వేలు కిందికి చూపించింది, అడుగున అని. అతను ఆ వేలు చూసి కూర్చోమంటోంది కాబోలు అనుకుని చటుక్కున కూర్చున్నాడు. ఇంత తెలిసి ఎంత వినయమో అని హాలంతా చప్పట్లు కొట్టింది.

ఇంటికి రాగానే మొదలైంది.

"అడుగున అన్నాను రా నాయనా, అడుగున!"

"వేలు కిందికి చూపిస్తే ఎవడైనా కూర్చుంటాడు వదినా! మోకాళ్ళు కూడా వణుకుతున్నాయి, మంచి సలహాలే అనిపించింది."

ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. అందరికంటే ఎక్కువ తెగుళ్ళావిడే నవ్వింది. నవ్వి కళ్ళు తుడుచుకుంది. అందరూ ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డాక కూడా తుడుచుకుంటూనే ఉంది. అది చూసింది రాళ్ళావిడ ఒక్కతే.

"ఏమే, ఏమైంది?"

"ఏమీ లేదు. జవాబు నా నాలుక చివరే ఉంది, తెలుసా? ఇంత నోరు పెట్టుకుని వేలు చూపించాను. మూగదానిలా."

ఆ మాటలోంచే సంఘం పుట్టింది. ఆడపిల్లల కాలేజీలో ప్రయోగశాల వెనక, కడిగిన గాజు సీసాలు బోర్లించి ఆరబెట్టే చీకటిగది ఒకటి ఉండేది. నేల ఎప్పుడూ తడిగా ఉండేది, స్పిరిటు వాసన. అక్కడ నలుగురు ఆడవాళ్ళు ముక్కాలిపీటలు వేసుకుని కూర్చున్నారు. చదివేవాళ్ళ కోసం మాత్రం మంచి కుర్చీ ఒకటి తెచ్చి వేశారు. సంఘానికి నియమాలు రాద్దామంటే తెగుళ్ళావిడ ఒక్కటి చాలంది: ఎవరి పని వాళ్ళ నోటితోనే చెప్పాలి. ఒకరిది ఇంకొకరు చదవడానికి వీల్లేదు. కుర్చీలో కూర్చుని చదివింది అచ్చు వేస్తాం, చదవనిది వేయం.

అచ్చు సంగతి నీకు చెప్పాలి. ఆ శాస్త్రాల లోకంలో ముందు ఎవరిది అచ్చయితే కనిపెట్టింది వాళ్ళే. నువ్వు పదేళ్ళ ముందే కనిపెట్టి అలమరలో పెట్టుకుంటే, కనిపెట్టనట్టే లెక్క.

ఆ నియమం వాళ్ళకి దీపంలా పనిచేసింది. నలుగురు నలభై మందయ్యారు. చీకటిగదిలోంచి కళ్ళజోళ్ళ దుకాణం పైకి వచ్చారు. గొంతు పెగలని పిల్లలు కూడా ఆ కుర్చీలో కూర్చుని వణుకుతూ మొదలుపెట్టి, లేచేసరికి పులుల్లా లేచేవారు. తర్వాత్తర్వాత మగవాళ్ళ సంఘం కూడా సిగ్గుపడి ఆడవాళ్ళని కింద హాల్లోకి రానిచ్చింది, అదీ వెనక వరుసల్లోకి.

నియమాన్ని తెగుళ్ళావిడ ఇసుమంతైనా సడలించేది కాదు. చేపల గుడ్ల మీద పని చేసే ఒకావిడ ఉండేది, చేపలావిడ. మొదటి నలుగురిలో ఒకతె. చదవాల్సిన రోజుకి ఆమెకి జ్వరం వచ్చింది. వానలో తడుస్తూ ఆమె భర్త వచ్చాడు. గడియారాలు బాగుచేసే ఆయన, కాగితాలు చొక్కాలో దాచి తెచ్చాడు.

"ఎలా చదవాలో ఆవిడే నేర్పించి పంపిందండీ. దారంతా వల్లెవేసుకుంటూ వచ్చాను. ఒక్క అక్షరం తప్పు పోను."

తెగుళ్ళావిడ గుమ్మంలోనే ఆపింది. తువ్వాలు ఇచ్చింది, వేడివేడి టీ ఇచ్చింది, లోపలికి మాత్రం రానివ్వలేదు. "ఆవిడకి తగ్గాక రమ్మనండి. కుర్చీ ఎక్కడికీ పోదు" అంది. చేపలావిడకి జ్వరం తగ్గింది గానీ మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు. రాళ్ళావిడకి అది ముల్లులా గుచ్చుకుంది. అయినా ఆ మాటని నమిలి మింగేసింది.

ఏళ్ళు గడిచాయి. ఇద్దరి జుట్టూ తెల్లబడింది. తెగుళ్ళావిడ తన బతుకంతా ఒకే తెగులు వెంట పడింది. పైరు ఏపుగా ఎదిగే వేళకి ఆకుల మీద తుప్పురంగు మచ్చలు వచ్చి, గింజ పాలు పోసుకోకుండానే చేలకి చేలే మాడిపోయేవి. కోత అయ్యాక ఎక్కడా కనిపించదు. మళ్ళీ విత్తగానే ఎక్కడి నుంచో ఊడిపడుతుంది. విత్తనంలో ఉందని కొందరు, గాలిలో ఉందని కొందరు. పైరు లేనప్పుడు అది ఎక్కడ తలదాచుకుంటోందో ఎవరికీ అంతుపట్టలేదు.

ఒక పొద్దున ఆమె రాళ్ళావిడని చెయ్యి పట్టుకుని లాక్కుపోయి, బీడుపడిన చేను పక్కన కూర్చోబెట్టింది. చేతికి భూతద్దం ఇచ్చింది. గట్టు మీద ఎవరూ పట్టించుకోని పిచ్చిమొక్క ఒకటి. ఆకు తిరగేసి చూపించింది. అడుగున తుప్పురంగు పొడి.

"ఇదిగో, ఇక్కడ కాపురం ఉంటోంది దొంగది. పైరు రాగానే దిగిపోతోంది."

"అయితే ఈ మొక్కని పీకేస్తే?"

"పోతుంది. పీకి చూశాను, రెండు పంటలు. పోయింది."

"ఇంత చిన్న పనా?"

"ఇంత చిన్న పనికే నా జుట్టు ఇలా అయింది మరి!"

ఇద్దరూ ఆ గట్టు మీదే చిన్నపిల్లల్లా నవ్వారు. ఇంటికి వెళ్ళి తెగుళ్ళావిడ అంతా రాసింది. చదివే రోజు ఖాయం చేశారు. సంఘమంతా ఎదురుచూస్తోంది.

ఆ వారంలోనే ఆమెకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్క దెబ్బకి పోయాయి. బుద్ధి మాత్రం పోలేదు. అన్నీ తెలుస్తున్నాయి. ఒక్క మాట బయటికి రాదు.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక రాళ్ళావిడ రోజూ వచ్చి మంచం పక్కన కూర్చునేది. ఒక రోజు తెగుళ్ళావిడ ఎడమచేత్తో దిండు కింద తడుముకుని, ఆ కాగితాలు తీసి రాళ్ళావిడ ఒళ్ళో పెట్టింది. పెట్టి, ఆమె నోటి వైపు వేలు చూపించింది.

అర్థం కాకపోవడానికి ఏముంది? నువ్వు చదువు అంటోంది.

రాళ్ళావిడ కాగితాలు పట్టుకుని ఆలోచనలో పడింది. ఒక్కసారి చదివితే చాలు, అచ్చవుతుంది. కానీ చదివితే, ఇక నీకు మాట రాదు అని ఆమె మొహం మీద చెప్పినట్టే. పైగా ఆ గడియారాలాయన, ఆ తడిసిన చొక్కా కళ్ళ ముందు కదిలాయి. ఆయన్ని వెనక్కి పంపినావిడ కాగితాన్ని ఇప్పుడు మనమే చదివితే, నియమం పెద్దవాళ్ళకి ఒకటీ చిన్నవాళ్ళకి ఒకటా? ఇవన్నీ నమిలి నమిలి, కాగితాలు మళ్ళీ దిండు కింద పెట్టింది.

"నువ్వే చదువుతావే. డాక్టరు కూడా మాట వస్తుందన్నాడు. కుర్చీ ఎక్కడికీ పోదు."

తెగుళ్ళావిడ మళ్ళీ తీసింది. రాళ్ళావిడ మళ్ళీ పెట్టింది. మూడోసారి ఆమె తియ్యలేదు. కళ్ళు మూసుకుంది.

సంఘంలో అందరూ ఊరుకోలేదు. వాళ్ళలో చిన్నది ఒక పిల్ల ఉండేది, దుర్భిణీలోంచి నక్షత్రాలు చూసే పిల్ల, చుక్కలమ్మాయి. అందరి ముందూ లేచి అడిగేసింది.

"పెద్దమ్మా, ఆ నియమం పెట్టింది మన నోళ్ళు తెరవడానికా, మూయడానికా?"

"ఆమె పెట్టిన నియమం ఆమె ఉండగానే తుంచమంటావా?"

"ఆవిడే చదవమంటోంది కదా!"

"జబ్బులో అంటోంది. లేచాక నన్ను నిలదీస్తే? నా కుర్చీలో నువ్వెలా కూర్చున్నావే అంటే?"

"అననీ! తిట్టనీ! తిట్టడానికి నోరు వస్తే అంతకంటే ఏం కావాలి మనకి?"

కొందరు నవ్వారు. రాళ్ళావిడ నవ్వలేదు. అప్పటికి సంఘం అధ్యక్షురాలు ఆమే కాబట్టి ఆమె మాటే నెగ్గింది. ఆగుదాం అన్నారు.

ఇక మాట నేర్పించడం మొదలుపెట్టింది. పొద్దున్నే వచ్చి, చంటిపిల్లకి నేర్పినట్టు, ఆకు అను, మచ్చ అను, గట్టు అను అనేది. తెగుళ్ళావిడ మొహం ఎర్రబడేది, పెదవులు వంకరపోయేవి, చెంప మీద చొంగ కారేది. మరిది తుడిచేవాడు. చాలా రోజుల తర్వాత, మందు చేదుగా ఉందని గ్లాసు తోసేస్తూ, స్పష్టంగా, "వెధవ!" అంది.

ఇల్లంతా ఎగిరి గంతేసింది. మరిది ఏడుస్తూ నవ్వాడు. "నన్నే వదినా, నన్నే! ఇంకోసారి అను!" అని బతిమాలాడు. తిట్లు సులువుగా వస్తాయట, మాటలే కష్టమట. రాళ్ళావిడ మాత్రం దాన్ని పట్టుకుని ఆశంతా అల్లుకుంది. వచ్చే సభకి చదివేస్తుంది చూడండి అంది. ఆ సభ అయిపోయింది. ఆ తర్వాతిదీ అయిపోయింది. ఆకు అనే మాట వచ్చింది, గట్టు రాలేదు. ఒక పంట పోయి ఇంకో పంట వచ్చింది.

అప్పుడు మగవాళ్ళ సంఘం హాల్లో ఎక్కడో దూరం నుంచి ఒక యువకుడు వచ్చి చదివాడు. వెనక వరుసలో రాళ్ళావిడ కూర్చుని ఉంది. తుప్పురంగు మచ్చల తెగులు అన్నాడు. పైరు లేని రోజుల్లో అది గట్టు మీద మొక్క ఆకుల అడుగున తలదాచుకుంటోంది అన్నాడు. ఆ మొక్కని పీకేస్తే పోతుంది అన్నాడు. దొంగిలించలేదు తల్లీ, పాపం ఎందుకు అనాలి. తన ఊరి గట్ల వెంట అతనూ తిరిగాడు, అతనూ వంగి ఆకు తిరగేశాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.  రాళ్ళావిడ లేచి, ఇది మా తెగుళ్ళావిడ కనిపెట్టింది అనాలి. అంటే, ఎక్కడ అచ్చయింది చూపించండి అంటారు. ఏం చూపిస్తుంది? ఆ దిండుని చూపిస్తుందా?

మర్నాడు తెగుళ్ళావిడ దగ్గరికి వెళ్ళింది. దాచకుండా అంతా చెప్పింది. వింటూ వింటూ తెగుళ్ళావిడ ఎడమచెయ్యి దుప్పటిని పిడికిలి పట్టింది. ఆమె గొంతులో ఏదో గరగరలాడింది. పెదవులు కూడగట్టుకుని, కూడగట్టుకుని, ఒక్క మాట అంది.

"ఎందుకు?"

అన్నాళ్ళు నేర్పిస్తే రాని మాట అంత స్పష్టంగా వచ్చింది. ఎందుకు చదవలేదు నువ్వు? రాళ్ళావిడ దగ్గర జవాబులు చాలానే ఉన్నాయి. నీ మీద ప్రేమతో. నీ నియమం మీద గౌరవంతో. చేపలావిడకి చేసిన అన్యాయం గుర్తొచ్చి. ఒక్కటీ నోటి దాకా రాలేదు.  తెగుళ్ళావిడ గోడ వైపు తిరిగిపోయింది. ఆ రోజు నుంచి మాటలు నేర్చుకోవడం మానేసింది. ఆకు అను అంటే అనదు. మందు ఇస్తే తిట్టను కూడా తిట్టదు.

రాళ్ళావిడ వారం రోజులు అన్నం సరిగా తినలేదు. తర్వాత చేపలావిడ ఇంటికి వెళ్ళింది. ఎవరినీ పంపకుండా తనే వెళ్ళింది. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. బయటికి వచ్చేటప్పుడు మాత్రం చేపలావిడ కూడా చెప్పులు వేసుకుని వెంట వచ్చింది. ఇద్దరూ కలిసి సంఘాన్నంతా పిలిచారు. "సభ మేడ మీద కాదు, ఆమె ఇంట్లో" అని కబురు పెట్టారు.

ఆ ఇంట్లో ఎంతమంది పడతారు? మంచం చుట్టూ, కిటికీ గూట్లో, వంటింటి గుమ్మంలో, నేల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. చుక్కలమ్మాయి ట్రంకుపెట్టె ఎక్కి కూర్చుంది. గడియారాలాయన కూడా వచ్చి వీధి తలుపు దగ్గర నిలబడితే, చేపలావిడ చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది. తెగుళ్ళావిడ గోడ వైపే తిరిగి ఉంది.

"ఇప్పుడు చదివి ఏం లాభం? రెండోసారి కనిపెట్టినట్టే కదా" అని వెనక నుంచి ఎవరో గొణిగారు.

"లాభం లేదు," అంది రాళ్ళావిడ. "ఆలస్యం నాది. కాగితం ఆమెది."

చదవడం మొదలుపెట్టింది.  ఆ గట్లు, ఆ పిచ్చిమొక్కలు, ఎండలో వంగి తిరగేసిన ఆకులు అన్నీ ఆ గదిలోకి వచ్చాయి. సగం దాకా చదివేసరికి మంచం మీద టక్ మని చప్పుడైంది. తెగుళ్ళావిడ ఎడమచేత్తో మంచంకోడుని కొట్టింది. రాళ్ళావిడ ఆగింది. మళ్ళీ ఆ వాక్యం చదివింది. మళ్ళీ టక్. కళ్ళు దగ్గరగా పెట్టి చూస్తే, 'కోతకు ముందు' అని రాసిన చోట 'కోత తర్వాత' అని చదివేసింది. సరిదిద్ది చదివింది. చప్పుడు లేదు. ఇక చివరి దాకా చప్పుడు లేదు. కానీ తెగుళ్ళావిడ మొహం ఇటు తిరిగింది. కళ్ళు తెరుచుకుని వింది, తన నోటి మాటలన్నీ ఇంకొకరి నోట్లోంచి రావడం. ఆ కళ్ళలో క్షమించినట్టు ఉందా అని రాళ్ళావిడ వెతికింది. లేదు. వింటోంది, అంతే. తన కాగితం తప్పు పోకుండా చూసుకుంటోంది.

కాగితం అచ్చులోకి వెళ్ళింది. అచ్చయి వచ్చేలోపు తెగుళ్ళావిడ పోయింది. ఇద్దరి మధ్యా ఆ 'ఎందుకు?' అలాగే మిగిలిపోయింది.

రాళ్ళావిడ తర్వాత చాలా కాలం బతికింది. సంఘం పుస్తకంలో మొదటి నియమం ఆమే మార్చింది. ఎవరి పని వాళ్ళే చెప్పాలి, చెప్పలేని వాళ్ళది తోటివాళ్ళు ఆ రోజే చెప్పాలి, ఆగకూడదు అని. అది చదివినప్పుడల్లా సంఘంలో కొత్తగా చేరిన పిల్లలు ఇంత చిన్న సంగతికి నియమమెందుకు అనుకుంటారు. ఆమె ముసలితనంలో కూడా చేల వైపు వెళ్ళేది. గట్టు మీద ఆ మొక్క కనిపిస్తే వంగి పీకేది. ఎవరైనా అడిగితే, "మా తెగుళ్ళావిడ చెప్పింది" అనేది. బళ్ళలో పాఠం మాత్రం ఆ యువకుడి పేరుతోనే చెబుతారు. చెప్పనీ. అతనిది అచ్చయింది, తప్పు లేదు.

నీకు అచ్చుతో పనేముంది తల్లీ, నీ నోరు నీకు ఉంది. రేపు బడిలో ఆ పాఠం వచ్చినప్పుడు, ఆ మొక్క ఆకుని ముందు తిరగేసింది తెగుళ్ళావిడ అని నీ పక్కనున్న పిల్లకి చెప్పు. ఆమె కాగితం ఎందుకు ఆగిపోయిందో కూడా చెప్పు, రాళ్ళావిడని తిట్టకుండా చెప్పు. తర్వాత నీ కడుపున పుట్టిన వాళ్ళకి చెప్పు. నీకు ఒంట్లో బాగాలేకపోతే, ఇంకెవరినైనా పిలిచి చెప్పించు. రేపటికి మాత్రం ఆపకు.